బొర్రా ప్లాట్‌ఫాం మీద నిలబడి అడగాల్సిన ప్రశ్న

బొడ్డవర దాటాక కిరండూల్ ప్యాసింజర్ కొండెక్కుతుంది. శివలింగపురం, త్యాడ, చిమిడిపల్లి, బొర్రా గుహలు, కరకవలస, శిమిలిగూడ... సొరంగాల మధ్య చిన్న చిన్న స్టేషన్లు. అరకు చూడబోయే వాళ్ళకి ఇవి కిటికీలోంచి చదివే పేర్లు. చుట్టూ ఉన్న గూడేల వాళ్ళకి ఇదే సంతకీ, ఆస్పత్రికీ, చదువుకీ దారి.

నిజానికి ఈ లైను వాళ్ళ కోసం వేసింది కాదు. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి దించి జపాన్ పంపాలని 1960లలో కొండలు తొలిచారు. 2017లో పర్యాటకుల కోసం అద్దాల పెట్టె వచ్చింది. మరి కొండ మీది వాళ్ళ కోసం ఏం వచ్చింది?

బొర్రా మనకి తక్కువేమీ ఇవ్వలేదు. అక్కడ పుట్టిన గోస్తనీ నదే తాటిపూడి జలాశయం నుంచి విశాఖ దాహం తీరుస్తోంది. బొర్రా ఉన్న అనంతగిరి మండలం గనుల లీజుల మీద నడిచిన కేసులోనే 1997లో సుప్రీంకోర్టు ‘సమత’ తీర్పు చెప్పింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమిని గిరిజనేతరులకి, ప్రైవేటు కంపెనీలకి లీజుకివ్వడం చెల్లదంది. దేశంలోని ఆదివాసులందరూ ఈనాటికీ పట్టుకు నిలబడే తీర్పు అది.

2022లో ఈ కొండల వాళ్ళ జిల్లా కేంద్రం పాడేరు అయింది. అక్కడికి రైలు లేదు. 2025 ఫిబ్రవరిలో కేంద్ర మంత్రివర్గం కొత్తవలస–బచేలి లైనుని విశాఖ నుంచి తీసి కొత్త రాయగడ రైల్వే డివిజన్‌కి ఇచ్చింది. బొర్రా, అరకు కూడా అటే పోయాయి. అప్పుడు మన దగ్గర రేగిన గొడవంతా ఖనిజం రవాణా ఆదాయం గురించే. అరకు దాకా విశాఖ డివిజన్‌లోనే ఉంచాలని నేనూ అంటాను, కానీ కారణం ఆదాయం కాదు. పెద్ద జబ్బు చేస్తే కొండ మీది వాళ్ళు రావలసింది విశాఖలోని కేజీహెచ్ ఆస్పత్రికి, రాయగడకి కాదు.

వేళలు చూడండి. పగటి ప్యాసింజర్ పొద్దున్న విశాఖలో బయల్దేరుతుంది. కిరండూల్ నుంచి దిగేది నగరం చేరేసరికి చీకటి పడుతుంది. విహారానికి వెళ్ళేవాళ్ళకి చక్కగా కుదిరిన ఏర్పాటు. ఓపీ చీటీ కోసం రావలసిన బాలింతకి మాత్రం ఆ రాత్రి ఆస్పత్రి వరండాయే గతి.

కొత్తవలస–కోరాపుట్ రెండో లైను పనులు సాగుతున్నాయి. ఖనిజం బండ్లు పెంచే ముందు, తెల్లవారుజామున అరకులో బయల్దేరి ప్రతి హాల్టులో ఆగుతూ ఓపీ వేళకి విశాఖ చేరే మెమూ ఒకటి వేయాలి. సాయంత్రం అదే తిరిగి కొండెక్కాలి. మన ఎంపీలు ఢిల్లీలో ముందు అడగాల్సింది ఇదే. డివిజన్ ఏదైనా సరే.