విమానం ఎక్కాలంటే ముందు బోర్డర్ దాటాలి: టాక్సీ దొరుకుతుంది, కాగితాల సంగతేంటి?

జూన్ 23 రాత్రి పది దాటాక మా ఇంట్లో ఎవరూ పడుకోలేదు. ఖతార్‌లోని అల్ ఉదైద్ స్థావరం మీద ఇరాన్ క్షిపణులు వదిలిందన్న వార్త వచ్చింది. ఖతార్‌తో పాటు బహ్రెయిన్, కువైట్, యూఏఈ కూడా కొన్ని గంటల పాటు ఆకాశాన్ని మూసేశాయి. మా మామూ బహ్రెయిన్‌లో ఉంటారు. అమ్మీ ఫోన్ నా చేతిలో పెట్టింది. "మామూ, టాక్సీ మాట్లాడుకుని సౌదీ వెళ్లిపోండి, దమ్మాం నుంచి ఫ్లైట్ ఉంటుంది కదా" అన్నాను. ఆయన నవ్వారు. "టాక్సీ ఎప్పుడైనా దొరుకుతుంది బేటా, వీసా ఎవరిస్తారు?"

తెల్లారేసరికి విమానాలు మళ్లీ కదిలాయి కాబట్టి ఆ రాత్రి గడిచిపోయింది. మామూ అడిగిన ప్రశ్న మాత్రం అలాగే ఉంది.

రోడ్డున పోయి పక్క దేశంలో ఫ్లైట్ ఎక్కడం మనవాళ్లకు కొత్త కాదు. 1990 ఆగస్టులో సద్దాం సైన్యం కువైట్‌లోకి దిగినప్పుడు అక్కడి విమానాశ్రయం మూతపడింది. లక్షన్నరకు పైగా భారతీయులు బస్సుల్లో, లారీల్లో, అద్దె కార్లలో బాగ్దాద్ మీదుగా జోర్డాన్ చేరి, అమ్మాన్‌లో ఎయిరిండియా ఎక్కారు. వెయ్యి కిలోమీటర్లకు పైగా ఎడారి దారి అది. కడప, రాయచోటి వైపు పెద్దవాళ్లను అడగండి, ఇప్పటికీ చెబుతారు.

2025 జూన్‌లోనూ అదే జరిగింది. ఆపరేషన్ సింధులో మొదట వచ్చిన 110 మంది విద్యార్థులు ఇరాన్‌లోని ఉర్మియా నుంచి రోడ్డున ఆర్మేనియా చేరారు. అక్కడ యెరెవాన్‌లో ఫ్లైట్ ఎక్కి 19వ తేదీ తెల్లవారుజామున ఢిల్లీలో దిగారు. ఇజ్రాయెల్‌లో ఉన్నవాళ్లను జోర్డాన్, ఈజిప్ట్ వైపు దాటించారు. అయితే అక్కడ బోర్డర్ దగ్గర మాట్లాడింది ఎంబసీ. పక్క దేశం గేటు తీసింది ప్రభుత్వాల మాట మీద. మన ఇంటి మనిషి తనంతట తానుగా టాక్సీలో పోతే అక్కడ మాట్లాడేవాళ్లు ఉండరు, చూసేది పాస్‌పోర్ట్, దాని మీద ముద్రలు మాత్రమే.

సౌదీ, బహ్రెయిన్‌ల మధ్య ఉన్న కింగ్ ఫహద్ కాజ్‌వే సంగతే తీసుకోండి. 1986లో తెరిచారు. సముద్రం మీద 25 కిలోమీటర్లు, మధ్యలో ఒక కృత్రిమ దీవి మీద ఇమిగ్రేషన్. మామూలు రోజుల్లో దమ్మాం, ఖోబర్‌లలో పనిచేసే మనవాళ్లు టికెట్ చవకగా ఉందని బహ్రెయిన్ పోయి ఎక్కుతారు. జూన్ 23న అవసరం తిరగబడింది. బహ్రెయిన్ ఆకాశం మూసుకుంటే దారి సౌదీ వైపే.

ఇక్కడ నాకు చదువుకున్న కామర్స్ గుర్తొస్తుంది. సౌదీలో ఉన్నవాళ్లకు సింగిల్ ఎగ్జిట్ రీఎంట్రీ ఫీజు రెండు నెలల దాకా 200 రియాళ్లు, మన డబ్బుల్లో సుమారు నాలుగున్నర వేలు. టాక్సీలో బోర్డర్ దాటగానే ఆ ఎగ్జిట్ వాడేసినట్టే. అవతల ఫ్లైట్ క్యాన్సిల్ అయి వెనక్కి వస్తే రీఎంట్రీ కూడా అయిపోతుంది, మళ్లీ 200 కట్టాలి. ఎయిర్‌లైన్ టికెట్ డబ్బు తిరిగిస్తుందేమో గానీ, టాక్సీ, పక్క దేశం వీసా, హోటల్ ఖర్చు మన జేబులోంచే. ఇక ఫైనల్ ఎగ్జిట్ మీద దాటినవాళ్ల పరిస్థితి ఇంకా ఇరుకు. వెనక్కి రాలేరు, ముందుకు విమానం లేదు. చవక టికెట్ కోసం పోయేవాళ్లు ఈ లెక్క ముందే వేసుకోవాలి.

గల్ఫ్ దేశాల్లో ఉంటున్నవాళ్లకు ఏ వృత్తి అయినా సరే టూరిస్ట్ ఈ-వీసా ఇస్తామని 2023లో సౌదీ చెప్పింది. మంచిదే. కానీ నివాస అనుమతికి మూడు నెలలు, పాస్‌పోర్ట్‌కు ఆరు నెలలు గడువు మిగిలి ఉండాలి. ఇంటి పనివాళ్లయితే కఫీల్ వెంట రావాలి. అంటే అందరికంటే ఎక్కువ అవసరం ఉన్నవాళ్లకే ఆ తలుపు సగం మూసి ఉంది.

ఎగ్జిట్ దగ్గరా ఇదే తేడా. 2021 మార్చి 14 నుంచి సౌదీలో ప్రైవేటు కంపెనీ కార్మికులు ఎగ్జిట్ రీఎంట్రీ తామే ఆన్‌లైన్‌లో తీసుకోవచ్చు. ఇంటి డ్రైవర్లు, ఇంటి పనివాళ్లు, తోటమాలులు, పశువుల కాపర్లను ఆ సంస్కరణలో చేర్చలేదు. మన జిల్లాల నుంచి పోయేవాళ్లలో ఈ పనుల్లో ఉన్నవాళ్లు ఎంతమందో నేను చెప్పక్కర్లేదు.

కువైట్ అయితే వెనక్కి నడిచింది. 2025 జూలై 1 నుంచి ఆర్టికల్ 18 వీసా మీద ఉన్నవాళ్లు దేశం దాటాలంటే యజమాని ఆన్‌లైన్‌లో ఒప్పుకున్న ఎగ్జిట్ పర్మిట్ ఉండాలి. విమానాశ్రయంలోనైనా, నువైసీబ్ రోడ్డు బోర్డర్‌లోనైనా అదే. యుద్ధం జరిగిన నెల తిరగకముందే ఇది అమల్లోకి రావడం నాకు నచ్చలేదు. రాత్రికి రాత్రి ఆకాశం మూతపడితే, నువైసీబ్ దాటి దమ్మాం వైపు నాలుగు వందల కిలోమీటర్లు పోదామనుకున్న మనిషి ముందుగా యజమాని ఫోన్ ఎత్తేదాకా ఆగాలి. ఆర్టికల్ 20 కింద ఉన్న ఇంటి పనివాళ్లకు ఈ నిబంధన రాయలేదు నిజమే. కానీ మన ఖాలాల పాస్‌పోర్ట్‌లు కఫీల్ ఇంటి బీరువాలో ఉంటే నిబంధన ఉన్నా లేనట్టే. పాస్‌పోర్ట్ అట్టిపెట్టుకోవడం అక్కడి చట్టం ప్రకారం కూడా తప్పే, అయినా నడుస్తోంది.

ఇంట్లోవాళ్లం ఇక్కడ కూర్చుని చేయగలిగింది కొంత ఉంది. పాస్‌పోర్ట్, ఇకామా, వీసా పేజీల ఫొటోలు మన ఫోన్‌లో ఉండాలి. గడువు తేదీలు రాసి పెట్టుకోవాలి. మనవాళ్లు అక్కడి ఎంబసీ దగ్గర పేరు నమోదు చేసుకున్నారో లేదో అడగాలి. చిక్కుకుపోయినవాళ్లకు టికెట్ ఇవ్వడానికి ఎంబసీల దగ్గర సంక్షేమ నిధి 2009 నుంచి ఉంది, అడగాలని తెలియక చాలామంది అప్పు చేసి వస్తున్నారు. ఇంకొకటి, వీధిలో కనిపించే ప్రతి టాక్సీ బోర్డర్ దాటదు. అవతలి దేశంలో చెల్లే ఇన్సూరెన్స్, అనుమతి ఉన్న బండేనా కాదా అని ఎక్కకముందే అడగమనండి.

మామూ ఫొటోలు పంపారు. ఆయన పాస్‌పోర్ట్‌కు ఇంకా ఐదు నెలలే ఉంది. ఆ రాత్రి టాక్సీ ఎక్కి ఉంటే సౌదీ వీసా వచ్చేది కాదు. రెన్యువల్ అపాయింట్‌మెంట్ వచ్చే వారానికి దొరికింది.