జేబులో పట్టే కన్ను

పొద్దెక్కాక చార్మినార్ దగ్గర నిలబడండి. లాడ్‌బజార్‌లో గాజుల దుకాణాల షట్టర్లు ఒక్కొక్కటే పైకి లేస్తాయి. ఇరానీ హోటల్లో చాయ్ కప్పుల ఆవిరి ఎండలో కరిగిపోతుంది. ఆటోల సందులోంచి తోపుడు బండి దారి చేసుకుంటుంది. ఈ క్షణాల్లో ఏదీ మనకోసం ఆగదు.

రాజా దీన్‌దయాళ్ నిజాం కొలువులో ఫొటోలు తీసిన రోజుల్లో బరువైన కెమెరా, గాజు పలకలు మోయాలి. మనుషులు కదలకుండా నిలవాలి. 1925లో లైకా మార్కెట్లోకి వచ్చాక, 35 మిల్లీమీటర్ల ఫిల్ముతో కెమెరా చేతిలో ఇమిడింది. ఫొటో తీసేవాళ్లు జనంలో కలిసిపోగలిగారు.

నేటి కాంపాక్ట్ కెమెరాల్లో చాలామంది వీధి ఫొటోగ్రాఫర్లకు ఇష్టమైనది 28 మిల్లీమీటర్ల లెన్సు చూపు. అపర్చర్ ఎఫ్ 8లో, ఫోకస్ 2 మీటర్ల దగ్గర ముందే పెట్టుకుంటే, ఇక నొక్కడమే తరువాయి. అయితే ఆ లెన్సుతో మనిషికి దగ్గరగా వెళ్లక తప్పదు. మర్యాద అవసరమయ్యేది అక్కడే. వద్దని చెయ్యి ఊపితే కెమెరా దించాలి. నవ్వితే తిరిగి నవ్వాలి.

ఈ సంచికలో మా పాఠకులు పాతబస్తీలో తీసిన చిత్రాలున్నాయి. వాటిలో నవాబుల మేడలు లేవు. బతుకుతెరువు కోసం గడప దాటిన మనుషులున్నారు. నిదానంగా చూడండి. రేపు మీ వీధిలోనూ అంతే నిదానంగా నడవండి.

— సంపాదకుడు