ఫోనులో ఆఫ్ అంది కదా అని బోరు మీద చెయ్యి వేయకండి

కోలారు జిల్లా రైతులకు, కేజీఎఫ్‌లో ఇంట్లోనే ఎలక్ట్రానిక్స్ బోర్డులు కడుతున్న పిల్లలకు ఈ మాట వెంటనే చేరాలి. చిన్న రిలే బోర్డు పెట్టి, ఫోనుతో నడిచేలా సొంతంగా కట్టుకున్న ఆటో స్టార్టరు మీ తోటలో ఉంటే, ఫోను ఆఫ్ అని చూపించినా మోటారులో కరెంటు ఉందనే అనుకోండి.

ఇలాంటివి ఎందుకు కట్టుకుంటున్నారో నాకు తెలుసు. ఏడాది పొడవునా పారే నది మనకు లేదు, వెయ్యి అడుగులు దాటిన బోర్లే దిక్కు. త్రీఫేజు అర్ధరాత్రి వస్తే టార్చిలైటు పట్టుకుని, పాముల భయంతో గట్టు మీద నడిచిపోవాలి. ఆ కష్టం చూడలేక చదువుకున్న కొడుకో మేనల్లుడో బెంగళూరు ఎస్పీ రోడ్డుకు పోయి నాలుగు సామాన్లు తెచ్చి ఒక డబ్బా కట్టి ఇస్తాడు. వాడి ప్రేమకూ తెలివికీ వంక పెట్టను. సిగ్నలు అందితే కరెంటును కలిపే రిలేను ఎంచుకోవడంలోనే పొరపాటు జరుగుతోంది.

మాడిపోయిన రిలే ఒకటి నా బల్ల మీద ఉంది. నీలిరంగు మూతను బ్లేడుతో కోసి తీస్తే లోపల కందిగింజంత కూడా లేని రెండు కాంటాక్టు బొడిపెలు, నల్లగా, ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి. కాయిల్‌కు కరెంటు లేదు, స్ప్రింగు లాగుతూనే ఉంది, అయినా విడిపోలేదు. స్క్రూడ్రైవరు మొనతో గట్టిగా ఎత్తితే టిక్కుమని ఊడింది. తోటలో రిలే ఇలా అతుక్కుపోయి ఉన్నా, బోర్డు మాత్రం ఫోనుకు ఆఫ్ అనే చెబుతుంది. అది చెప్పేది తానిచ్చిన ఆజ్ఞ గురించి. కాంటాక్టు విడిపోయిందో లేదో దానికి తెలియదు.

మూత మీద 10 ఆంపియర్లు, 250 వోల్టులు అని అచ్చు ఉంటుంది. అది హీటరు, ఇస్త్రీపెట్టె లాంటి లోడుకు చెప్పిన లెక్క. 5 హెచ్‌పీ త్రీఫేజు మోటారు నడిచేటప్పుడు ఏడెనిమిది ఆంపియర్లే తీసుకుంటుంది కాబట్టి సరిపోతుందిలే అనిపిస్తుంది. కానీ నేరుగా స్టార్టు చేసిన క్షణంలో అయిదారు రెట్లు లాగుతుంది, నలభై ఆంపియర్ల మాట. పైగా లైను 415 వోల్టులు. ఇంటి సంపు మీది 1 హెచ్‌పీ మోటారును ఆ రిలేతో నేరుగా తిప్పినా ఇదే గతి పడుతుంది.

సిగ్నలు వైపూ గండం ఉంది. ఆ రిలేలోని 5 వోల్టుల కాయిల్ 70 మిల్లీఆంపియర్లు అడుగుతుంది. బోర్డును నడిపే మైక్రోకంట్రోలరు చిప్పు పిన్ను క్షేమంగా ఇవ్వగలిగేది సాధారణంగా 20 దాకానే. నేరుగా కలిపితే పిన్ను కాలుతుంది, లేదా రిలే సగం లాగి వణుకుతుంది, వణికిన ప్రతిసారీ కాంటాక్టుల మధ్య నిప్పు పుడుతుంది. నడుమ ట్రాన్సిస్టరు, కాయిల్ కొసలకు అడ్డంగా డయోడు తప్పనిసరి. ఇంకొకటి: అంగట్లో దొరికే చాలా బోర్డులు పిన్ను సున్నాకు దిగితే ఆన్ అయ్యే రకం. కరెంటు పోయి వచ్చినప్పుడు చిప్పు మేలుకునేలోపు పిన్ను మీద ఎవరి అదుపూ ఉండదు. ఆ రెప్పపాటులో ఎవరూ నొక్కకుండానే మోటారు తిరగవచ్చు. అప్పుడు పైపు విప్పుతూ ఎవరున్నారో ఆలోచించండి.

 మన బంగారు గనుల్లో పనిచేసిన తాతలున్న ఇళ్లలో సిగ్నలుకూ బరువుకూ ఉన్న తేడా విడమరచి చెప్పనక్కరలేదు: లోపలి నుంచి గంట కొడితే పైన వైండింగ్ ఇంజను డ్రైవరు విని మనుషులున్న బోనును ఎత్తేవాడు. గంట తాడుకే బోనును వేలాడదీస్తారా? చిప్పు సిగ్నలు, దాని చిన్న రిలే ఆ గంట లాంటివి. మోటారు బరువు మోయాల్సింది కాంటాక్టరు, అంటే స్టార్టరులోని పెద్ద స్విచ్చు. మోటారు లోడుకు తగిన ఏసీ-3 తరగతి ఆంపియర్లు దాని మీద చూసి కొనండి. ఓవర్‌లోడ్ రిలేను తీసేయకండి. స్టార్టరు మీది ఎర్ర బటను ఏ బోర్డునూ అడగకుండా మోటారును ఆపేలా వైరింగు ఉండాలి.

ఇక్కడా ఒక మెలిక ఉంది. మన తోటల్లో చాలా స్టార్టర్లలోని కాంటాక్టరు కాయిల్ రెండు ఫేజుల మధ్య, 415 వోల్టుల మీద నడుస్తుంది. 250 వోల్టుల రిలే ఆ కాయిల్‌కు కూడా పనికిరాదు. కంట్రోలు ట్రాన్స్‌ఫార్మరు పెట్టించి 24 వోల్టుల కాయిల్ ఉన్న కాంటాక్టరు వేయించండి. దాని సహాయక కాంటాక్టును బోర్డుకు కలిపితే ఫోను ఆజ్ఞను కాకుండా జరిగినదాన్ని చూపిస్తుంది.

సోలారు పంపు ఉన్నవాళ్లు ఆ నీలి రిలే జోలికే పోవద్దు. డీసీలో దాని హద్దు 30 వోల్టులు, వరుసగా కలిపిన ప్యానెళ్లలో వందల వోల్టులు. ఏసీ సెకనుకు వందసార్లు సున్నాకు వస్తుంది కాబట్టి నిప్పు ఆరుతుంది, డీసీలో అది మండుతూనే ఉంటుంది. సాలిడ్ స్టేట్ రిలే పెడితే సరి అనేవాళ్లూ ఉన్నారు. అది చెడిపోతే చాలాసార్లు ఆన్‌లోనే ఉండిపోతుంది.

బోరు మీద చెయ్యి వేసే ముందు మెయిన్ దించండి. మూడు ఫ్యూజులూ పీకి జేబులో వేసుకోండి. పనిచేస్తోందని తెలిసిన టెస్టరుతో మూడు తీగలూ చూడండి. ఇంట్లో కట్టిన డబ్బా ఉంటే, ఈ రాత్రి త్రీఫేజు రాకముందే మెయిన్ తీసి ఎలక్ట్రీషియన్ చేత తెరిపించండి. మోటారు తీగ ఆ నీలి రిలేలోకి పోతుంటే ఊడదీయించి, పాత స్టార్టరుకే కలిపించుకోండి.