వేసవి రాత్రి పొయ్యి వెలిగించని విందు

వైశాఖ, జ్యేష్ఠ మాసాలలో మా ఎస్. రాయవరం వంటి ఊళ్ళలో దీపాలు పెట్టే వేళకు కూడా ఇంటి గోడలు సెగ కక్కుతూనే ఉంటాయి. రేవు పోలవరం సముద్రం దాపునే ఉన్నది గాని, ఆ గాలిలోని చెమ్మ ఒంటి చెమటను ఆరనీయదు. అట్టి సమయంలో ఇల్లాలు పొయ్యి ముందు నిలిచి వండి, అందరికీ వడ్డించి, చివరకు మిగిలినది ఒంటరిగా తినడం మన మధ్యతరగతి ఇండ్లలో నిత్యకృత్యం. వేసవిలో వారానికొక్క రాత్రియైనా పొయ్యి వెలిగించక, భార్యాభర్తలు ఎదురెదురుగా కూర్చుండి అపక్వాహారం భుజించవలెనని నా అభిప్రాయం.

ఇది పరదేశపు వేడుక అని కొందరు పెదవి విరుస్తారు. శ్రీరామనవమి నాడు మనం స్వీకరించే వడపప్పు, పానకం, పచ్చి చలిమిడి ఏ పొయ్యి మీద ఉడికినవి?

మరికొందరిది ఇందుకు విరుద్ధమైన అత్యుత్సాహం. ఒక పూట హాయిగా ఉన్నదని వంటనే మానివేస్తామంటారు. 1929లో గాంధీజీ రాజమండ్రికి చెందిన ప్రకృతి చికిత్సకులు సుందరం గోపాలరావు గారి ప్రేరణతో నిప్పు సోకని ఆహారం ప్రారంభించారు. దినమునకు 8 తులాల మొలకెత్తిన గోధుమలు, 8 తులాల బాదం ముద్ద, 8 తులాల నూరిన ఆకుకూర, 6 నిమ్మకాయలు, 2 ఔన్సుల తేనె. అంతటి నియమశీలి కూడా ఆ ఆగస్టులో విరేచనాలు పట్టుకొనగా దానిని విడిచిపెట్టవలసి వచ్చింది. కనుక వారానికి ఒక పూట చాలును.

గ్రీష్మంలో మధురము, లఘువు, స్నిగ్ధము, శీతలము, ద్రవము అయిన ఆహారం తీసుకొని, ఉప్పు, పులుపు, కారం తగ్గించవలెనని వాగ్భటుడు చెప్పాడు. ఇద్దరికి రెండు గుప్పెళ్ళ పెసరపప్పును గంటసేపు నానబెట్టి, వార్చి, లేత కీరా ముక్కలు, పచ్చికొబ్బరి కోరు, కొత్తిమీర కలిపి, చిటికెడు సైంధవ లవణం, కొద్దిగా మిరియాల పొడి చల్లి, నాలుగు నిమ్మ చుక్కలు పిండితే తాలింపు లేని లోటు తెలియదు. అనకాపల్లి బెల్లంతో ఏలకులు, మిరియాలు వేసిన పానకం కొత్త కుండలో ఉంచవలెను. తాటిముంజెలు లేతవి చాలు, ముదిరినవి అరగవు. మామిడిపండును ముందుగా నీళ్ళలో వేసి ఉంచడం మన పెద్దలెరిగిన పద్ధతే. రాత్రివేళ పెరుగు వద్దన్న శాస్త్రవచనాన్ని ఈ విందులోనూ పాటించండి. ఎనిమిది గంటల లోపు ముగించండి. పచ్చి పదార్థం అరుగుదలకు వ్యవధి కావలెను.

ఒక చమత్కారమేమనగా, నిప్పు లేని ఈ విందుకు నీళ్ళు మాత్రం పగలే కాచి చల్లార్చినవై ఉండవలెను. కూరగాయలు, పండ్లు ఇంటనే కడిగి కోయవలెను. కోసి అమ్మే పండ్లు తేరాదు. మొలకలు నాకు సమ్మతం కావు. అవి పెరిగే వెచ్చదనం, తేమ సూక్ష్మజీవులకూ అనుకూలమే. గర్భిణులు, పసిపిల్లలు, వృద్ధులు పచ్చి మొలకల జోలికి పోరాదు. మధుమేహానికి మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు వైద్యుని అడగకుండా రాత్రి అన్నం మానితే చక్కెర పడిపోయే ప్రమాదమున్నది. వారికి పానకమూ తగదు. ఇంటిలోని పెద్దలకు, పిల్లలకు పగలే కాచి ఉంచిన చోడి అంబలి పోస్తే వారి ఆకలీ తీరుతుంది.

ఇక శృంగారం మాట. 1862లో గురజాడ అప్పారావు గారు జన్మించిన ఊరిది. 1910లో వెలువడిన ఆయన ‘దిద్దుబాటు’ కథలో మగడు రాత్రి పొద్దుపోయి ఇల్లు చేరేసరికి భార్య కనబడదు, ఉత్తరం కనబడుతుంది. ఆమె కోరినది అతని సాన్నిధ్యం. నేటి మగవారిలో పెక్కుమంది వేళకే ఇల్లు చేరుతారు, చేరి టీవీకో ఫోనుకో అంకితమవుతారు! పొయ్యి లేదు గదా, ఇల్లాలికి శ్రమ ఏమున్నదని వారు భావించరాదు. కొబ్బరి కోరడం, ముంజెలు ఒలవడం, బెల్లం దంచడం శ్రమ కాదా? ఆమె ఒక్కతే ఇవన్నీ చేసి, ఆయన వచ్చి పీట మీద కూర్చుంటే అది విందు కాదు, చల్లని చాకిరీ. కోరాము, కత్తిపీట ఆ రాత్రికి మగని చేతికి రావలెను. కొబ్బరి కొంచెం ముతకగా వస్తే రానీయండి.

పెరట్లో చాప పరచి, అడ్డాకుల విస్తళ్ళలో వడ్డించుకొంటే అంట్లు తోమే పని కూడా ఉండదు. దోమలకు మాత్రం కాస్త వేపాకు పొగ వేసుకొనండి. ఆ రాత్రికి ఇంట రాజవలసిన నిప్పు అదొక్కటే.