కాలువ బాగుపడకుండా కర్బనం తగ్గదు

2024-25 ఖరీఫ్‌లో సాధారణ రకం ధాన్యానికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాకు 2,300 రూపాయలు. ఆ ధాన్యం ఆడించగా వచ్చే బియ్యాన్ని భారత ఆహార సంస్థ ఇథనాల్ డిస్టిలరీలకు ఇచ్చిన ధర క్వింటా 2,250. అలా ఇవ్వడానికి ఒక్క ఇథనాల్ సంవత్సరంలో అనుమతించింది 52 లక్షల టన్నులు. వడ్ల కంటే బియ్యం చవకైన ఈ బేరానికి మనం పెట్టుకున్న పేరు హరిత ఇంధనం! నీళ్లు నిలిచిన వరి మడి మీథేన్‌ను వదులుతుంది. ఇరవై ఏళ్ల లెక్క తీస్తే ఆ వాయువు కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 80 రెట్లు వేడిని పట్టి ఉంచుతుంది. అలా పండిన గింజను పెట్రోల్లో కలిపి భూతాపం తగ్గిస్తున్నామంటే కృష్ణా డెల్టా రైతు కూడా నవ్వుకుంటాడు.

ఆ డెల్టాలోని ఉయ్యూరుకు పంట నుంచి ఇంధనం తీసే ఈ వ్యవహారం కొత్తది కాదు. చక్కెర ఫ్యాక్టరీ చుట్టూ పెరిగిన ఊరు ఇది. చెరకు పిప్పితో బాయిలర్లు మండించడం, మొలాసిస్‌తో సారాయి కాయడం వాతావరణ సదస్సుల కంటే ముందే తెలిసిన పనులు. కాబట్టి చెరకు ఇథనాల్ ఇక్కడి రైతుకు ఆశ పెట్టాల్సింది. కానీ 2023లో వానలు తగ్గగానే, ఆ డిసెంబరులో, చెరకు రసం నుంచి ఇథనాల్ తీయవద్దని కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. మరుసటి ఏడాది ఆగస్టులో ఎత్తేసింది. వాతావరణానికి మందు అనుకున్నదే వాతావరణం దెబ్బకు ఆగిపోయింది. కోత కూలీలు దొరక్క, గిట్టుబాటు కాక చెరకు వదిలేస్తున్న రైతును ఇలాంటి ఊగిసలాట వెనక్కి తీసుకురాలేదు.

బొగ్గు సంగతీ దాచుకోనక్కర్లేదు. 2070 నాటికి నికర శూన్య ఉద్గారాలు సాధిస్తామని 2021 నవంబరులో గ్లాస్గోలో మాట ఇచ్చాం. 2023 డిసెంబరులో ఇబ్రహీంపట్నం నార్ల తాతారావు థర్మల్ కేంద్రంలో కొత్తగా 800 మెగావాట్ల యూనిట్ వాణిజ్య ఉత్పత్తి మొదలుపెట్టింది. ఇది కపటం అనను. పొద్దుగూకాక సౌర విద్యుత్తు ఉండదు, ఫ్యాన్లు ఆగవు. అయితే ఇంత పెట్టుబడి పెట్టిన యూనిట్‌ను పదేళ్లకే ఎవరూ ఆపరు. బొగ్గుకు ఇన్ని దశాబ్దాల గడువు ఇచ్చుకున్న ప్రభుత్వం గడ్డి తగలబెట్టిన రైతు మీద మాత్రం కేసు పెడతానంటే న్యాయం కాదు.

ఆ గడ్డి ఎందుకు కాలుతోందో ఒకసారి చూడాలి. పూర్వం కోతకు రెండు మూడు రోజుల ముందు నిలిచి ఉన్న వరిలోనే మినుములు చల్లేవారు. చేత్తో కోసి, పనలు కట్టి, కుప్పేసేవారు. ఇప్పుడు కూలీలు లేరు, తుపాను భయం ఉంది. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్ తుపాను, కోసిన వరిని కళ్లెదుటే నానబెట్టింది. అందుకే మబ్బు పట్టకముందే కోత మిషన్ దించుతారు. మిషన్ చక్రాల కింద మినుము మొలక నలిగిపోతుంది, వెనక గడ్డి చాళ్లుగా పడుతుంది. పదును ఆరేలోగా విత్తాలి. గడ్డిని మోపులు కట్టే బేలర్ యంత్రం వంతు రావాలి, వచ్చినా డబ్బు కావాలి. అగ్గిపుల్లకు ఈ రెండూ అక్కర్లేదు.

మీథేన్‌కు చెప్పే మందు ఆరుతడి. చిల్లుల పైపు ముక్కను పొలంలో పాతి, నీటిమట్టం నేలకు 15 సెంటీమీటర్ల లోతుకు దిగాక మళ్లీ తడి ఇస్తారు. మీథేన్ దాదాపు సగానికి తగ్గుతుంది, నీళ్లూ ఆదా అవుతాయి. పద్ధతి మంచిదే. కానీ బోరు కింద రైతు మీట నొక్కితే నీళ్లొస్తాయి, కాలువ కింద రైతుకు ఏ మీట ఉంది? డెల్టాలో చాలాచోట్ల నీళ్లు చేను నుంచి చేనుకు పారతాయి. పై రైతు ఆరబెడితే కింది చేను ఎండుతుంది. శివారు రైతు నీళ్లు వచ్చినప్పుడే నిండా పెట్టుకుంటాడు, మళ్లీ ఎప్పుడొస్తాయో నమ్మకం లేదు గనుక. మురుగు కాలువ గుర్రపుడెక్కతో నిండి ఉంటుంది, వర్షం పడితే ఆరబెడదామన్నా నీరు దిగదు. 2024 సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కుల రికార్డు వరద పోయింది. ఆ వరదకు పొలం మునగకుండా ఉండాలన్నా, రేపు మీథేన్ తగ్గాలన్నా కావలసింది అవే కాలువలు, అవే లాకులు, అవే డ్రెయిన్లు.

ఉద్గారాలు తగ్గించినందుకు వచ్చే కార్బన్ క్రెడిట్ల డబ్బు ఈ అడ్డంకులు తీరుస్తుందని కొందరి ఆశ. డెల్టాలో దుక్కి దున్నేది చాలావరకు కౌలు రైతు, పట్టా పుస్తకం మరొకరి బీరువాలో ఉంటుంది. క్రెడిట్ ఎవరి ఖాతాలో పడుతుందో ఊహించడానికి ఆర్థికశాస్త్రం అక్కర్లేదు.

వచ్చే ఖరీఫ్‌కు నాట్లు పడకముందే బందరు, పుల్లేరు కాలువల కింద ఊరూరా నీటి వంతుల పట్టిక అంటించండి. డ్రెయిన్లలో తూడు తీయించండి. కోతల రోజుల్లో బేలర్లను అద్దె కేంద్రాల్లో సిద్ధంగా పెట్టి, కౌలుదారు పేరు మీదే కౌలు కార్డు ఇవ్వండి. ఆ పట్టిక ప్రకారం ఒక పంట కాలమంతా నీళ్లిచ్చాక, మీథేన్ లెక్క రైతును అడగండి.