ఈ గౌరవాధ్యక్షులు మనకెందుకు?

ఒక్కనాడు బాయిల దిగనోళ్లు, ఒక్కపూట స్టీరింగు పట్టనోళ్లు కార్మిక సంఘానికి గౌరవాధ్యక్షులు ఎట్లయితరు? ఈ మాట అడిగినోణ్ణి మన దగ్గర పిచ్చోని లెక్క చూస్తరు. అంత మామూలైపోయింది. సింగరేణిల తెలంగాణ బొగ్గుగని కార్మిక సంఘానికి కవిత గౌరవాధ్యక్షురాలిగ ఉండె. ఆర్టీసీల తెలంగాణ మజ్దూర్ యూనియన్‌కు హరీశ్‌రావు గౌరవాధ్యక్షుడుగ ఉండె. ఒకరు ముఖ్యమంత్రి బిడ్డ, ఇంకొకరు మేనల్లుడు. జీతం పెంచుమని కార్మికుడు ఎవరిని అడగాల్నో, ఆ ఇంటి మనిషే కార్మికుని తరఫున కుర్చీల కూసుంటె బేరం ఎవరితోని ఎవరు చేసినట్టు?

సంఘాలకు రాజకీయాలు వద్దని ఎవరూ అంటలేరు. 2011 సెప్టెంబర్ 13న మొదలై 42 రోజులు నడిచిన సకల జనుల సమ్మెల బొగ్గు ఆపినం, బస్సులు ఆపినం, ఆఫీసుల కలాలు కింద పెట్టినం. అది రాజకీయం కాక మరేంది? కాని ఆనాడు వెనుకడుగు వేసే పార్టీలను సంఘాలే ముందుకు గుంజినయ్. రాష్ట్రం వచ్చినంక తాడు చేతులు మారింది.

ఎన్జీవోల నాయకుడు స్వామిగౌడ్ మండలి చైర్మన్ అయిండు. గెజిటెడ్ అధికారుల నాయకుడు శ్రీనివాస్‌గౌడ్ 2014ల ఎమ్మెల్యే, 2019ల మంత్రి అయిండు. ఉద్యమంల కొట్లాడినోళ్లు చట్టసభకు పోవుడు తప్పు కాదు. వాళ్లు పోయినంక కింద మిగిలిన సంఘం సర్కారును నిలదీసే సంఘంగ మిగిలిందా అన్నదే మా ప్రశ్న. 2015ల పట్టభద్రుల ఎమ్మెల్సీ సీటుకు అధికార పార్టీ టికెట్ మీద నిలబడ్డ దేవీప్రసాద్ ఓడిపోయిండు. ఉద్యోగులు, చదువుకున్నోళ్లు ఓట్లేసే సీటది. జనం అప్పుడే సైగ చేసిన్రు, నాయకులకు అర్థం కాలే.

ఆర్టీసీ సంగతి చూడుర్రి. 2015 మేల ఎనిమిది రోజుల సమ్మె చేస్తె 44 శాతం ఫిట్‌మెంట్ వచ్చింది. ఇగ సర్కారు మనదే అన్నరు. 2016 జూలైల మజ్దూర్ యూనియనే గుర్తింపు సంఘంగ గెలిచింది. మూడేండ్లకు ఆ యూనియనే ముందుండి సమ్మెకు దిగాల్సి వచ్చింది. 2019 అక్టోబర్ 5 నుంచి నవంబర్ 25 దాకా, 52 రోజులు. దగ్గరదగ్గర 48 వేల మంది. వాళ్లంతట వాళ్లే ఉద్యోగాలు వదులుకున్నరని ముఖ్యమంత్రి అన్నడు. ఖమ్మంల ఒక డ్రైవర్ ఒంటికి నిప్పు పెట్టుకుని పానం తీసుకున్నడు. గౌరవాధ్యక్షుల గౌరవం ఆ 52 రోజులు ఏ డిపో గేటు కాడ కనపడ్డది?

అదే సమ్మె నడుమ హుజూర్‌నగర్ ఉప ఎన్నిక వచ్చింది. సమ్మె మీద సర్కారు తీరు చూసి సీపీఐ తన మద్దతు వాపసు తీసుకున్నది. ఏమైంది? అక్టోబర్ 24న అధికార పార్టీ 43 వేల పైచిలుకు మెజారిటీతోని గెలిచింది. ఇది చేదు నిజం, మింగాల్సిందే. ఐదేండ్లు పార్టీ పల్లకి మోసి, ఎన్నికకు పదిహేను రోజుల ముందు దించితె ఊర్లె ఓటరు ఎందుకు నమ్ముతడు? సమ్మె ముగిసినంక యూనియన్లను పక్కకు పెట్టి డిపోలల్ల వెల్ఫేర్ కమిటీలు పెట్టిన్రు. 2023 ఆగస్టుల, అసెంబ్లీ ఓట్లకు నాలుగు నెలల ముంగట, కార్మికులను సర్కారుల కలిపే బిల్లు అసెంబ్లీల పాసైంది. 52 రోజులు ఏడ్చినా కానిది ఓట్ల భయానికి అయ్యింది. కాని ఆ విలీనం ఏ షరతుల మీద అని ఎదురుంగ కూసుని అడిగే గుర్తింపు సంఘం అప్పటికి లేదు. ఉన్నదాన్ని మనమే వాళ్ల చేతుల పెడితిమి.

సింగరేణిల కథ వేరు కాదు. ఒకప్పుడు లక్ష దాటిన కార్మికులు 2023 గుర్తింపు ఎన్నికల నాటికి దాదాపు నలభై వేలకు దిగిన్రు. వారసత్వ ఉద్యోగాల ఆశ చూపి ఓట్లు దండుకున్నరు. ఆ పథకాన్ని 2017 మార్చిల హైకోర్టు కొట్టేస్తె, అదే ఏడు అక్టోబర్‌ల కారుణ్య నియామకాల మాట చెప్పి మళ్ల గెలిచిన్రు. తరువాత ఎన్నికకు ఆరేండ్లు పట్టింది. 2023 అక్టోబర్ 28కి ఖరారైన పోలింగ్, అసెంబ్లీ ఎన్నికలు అడ్డమని డిసెంబర్ 27కు వాయిదా పడ్డది. ఆలోపు సర్కారే మారింది. పదకొండు ఏరియాలల్ల ఒక్కటి గూడ ఆ సంఘానికి దక్కలేదు. అధికారం పోయిన మూడు వారాలకే సంఘం కూలిందంటె, అది కార్మికుల కాళ్ల మీద నిలబడ్డ సంఘమేనా?

ఇగ కొత్త పాలకుల తరఫు సంఘాలు నవ్వుకోవద్దు. ఆ ఎన్నికల ఐఎన్‌టీయూసీ ఆరు ఏరియాలు గెలిచింది, దాని నాయకుడు జనక్ ప్రసాద్‌కు 2024ల కనీస వేతనాల సలహా మండలి చైర్మన్ పదవి వచ్చింది. మొత్తం ఓట్లల్ల 1,999 ఎక్కువ తెచ్చుకుని గుర్తింపు సంఘమైన ఏఐటీయూసీ సీపీఐ అనుబంధం. కొత్తగూడెంల సీపీఐ గెలిచింది కాంగ్రెస్ పొత్తుతోనే. రేపు ఇదే సర్కారు మీద సమ్మె నోటీసు ఇయ్యాల్సి వస్తె చెయ్యి వణకదా అన్నది వాళ్లే తేల్చుకోవాలె. 2021 డిసెంబర్‌ల బొగ్గు బ్లాకుల వేలం మీద మూడు రోజులు సంఘాలన్నీ జెండాలు పక్కకు పెట్టి బాయిలు బంద్ చేసినయ్. చేతనైతదని తెలిసినోళ్లే కదా మీరు!

కార్మికులు అడగాల్సినయ్ ఇవి. మంత్రి, ఎమ్మెల్యే, వాళ్ల ఇంటి మనిషి ఎవరైనా సరే, సంఘం కుర్చీల ఉండొద్దు. బీ-ఫారం తీసుకున్న రోజే సంఘం పదవికి రాజీనామా ఇయ్యాలె. ఏ అభ్యర్థికి మద్దతు అన్నది హైదరాబాద్‌ల ఏ ఇంట్లనో కాదు, గేటు కాడ రహస్య ఓటుతోని తేలాలె. ఆ అభ్యర్థి ఇచ్చే హామీ కాగితం మీద, సంతకంతోని, తేదీతోని ఉండాలె. రేపు మైకు పట్టుకుని గేట్ మీటింగుకు వచ్చినోణ్ణి ముందు ఆ కాగితం తియ్యుమనుర్రి, తరువాతనే దండ వేయుర్రి.