జిడ్డు వేరు, నిలకడ వేరు
టెస్టుల్లో నెమ్మది ఆట మేలా, చేటా?

గువాహటి టెస్టు 2025 నవంబరు 26న ముగిసింది. దక్షిణాఫ్రికా 408 పరుగుల తేడాతో గెలిచి రెండు మ్యాచ్‌ల సిరీస్‌ను 2-0తో పట్టుకుపోయింది. పరుగుల లెక్కలో టెస్టుల్లో మన జట్టుకు ఇంత పెద్ద ఓటమి మునుపు లేదు. ఆ మ్యాచ్ చివరి ఇన్నింగ్స్‌లో సాయి సుదర్శన్ 139 బంతులు ఎదుర్కొని 14 పరుగులు చేశాడు. మర్నాటి నుంచి మా బడి పిల్లల వాదనంతా ఆ రెండు అంకెల చుట్టూనే తిరిగింది. అన్ని బంతులాడి పద్నాలుగేనా అని కొందరు, అతనొక్కడైనా నిలబడ్డాడు కదా అని ఇంకొందరు.

ఈ తగవు తీర్చడానికి తెలుగులో సామెతలకు కొదవలేదు. నిదానమే ప్రధానమని ఒకటి, ఆలస్యం అమృతం విషమని మరొకటి. రెండూ నిజమే కాబట్టి ఏదీ తీర్పు కాలేదు. మేం చెప్పదలచింది ఇది: నెమ్మదిగా ఆడటం మంచిదా, చెడ్డదా అని విడిగా తేల్చలేం. ఆ మ్యాచ్‌లో ఆ పూట జట్టుకు దేనికి కొరత ఉందో ముందు చూడాలి. సమయానికా? పరుగులకా? వికెట్లకా? కొరత ఉన్నదాన్ని కూడబెట్టే ఆట నిలకడ. కొరత లేనిదాన్ని పోగుచేసే ఆట జిడ్డు.

ఓవర్లూ ఆస్తే

టెస్టు మ్యాచ్ ఐదు రోజులు. రోజుకు 90 ఓవర్ల చొప్పున మొత్తం 450 ఓవర్లు. ప్రత్యర్థిని సాధారణంగా రెండుసార్లు ఆలౌట్ చేస్తేనే, అంటే 20 వికెట్లు తీస్తేనే గెలుపు. వన్డేలో, టీ20లో ఆడకుండా వదిలేసిన బంతి వృథా. టెస్టులో అలా కాదు. అక్కడ బ్యాటర్ పరుగులతోపాటు ఓవర్లనూ ఖర్చు చేస్తాడు. వెనకబడిన జట్టు ఖర్చు చేసే ప్రతి ఓవరూ ఎదుటి జట్టు జేబులోంచి పోతుంది. ముందున్న జట్టు ఊరికే ఖర్చు చేస్తే సొంత జేబుకే చిల్లు. ఒకే ఆట ఒక పూట మేలు, మరో పూట చేటు కావడానికి కారణం ఇదే.

ఇంకో లాభమూ ఉంది. కొత్త బంతి మెరుపు తగ్గేదాకా, బౌలర్ కాళ్లు బరువెక్కేదాకా ఒకరు ఆగితే తర్వాత వచ్చేవారి పని తేలికవుతుంది. 80 ఓవర్లయ్యాక మళ్లీ కొత్త బంతి తీసుకోవచ్చు. కాబట్టి ఆ నడిమి ఓవర్లను ఎవరు వాడుకుంటారన్నదీ ముఖ్యమే.

మాంచెస్టర్, సిడ్నీ చెప్పిన పాఠం

2025 జులైలో మాంచెస్టర్‌లో ఇంగ్లండ్ 669 పరుగులు చేసి 311 ఆధిక్యం సాధించింది. మన రెండో ఇన్నింగ్స్ మొదటి ఓవర్లోనే, ఖాతా తెరవకుండానే రెండు వికెట్లు పడ్డాయి. అప్పటికి ఐదు సెషన్ల ఆట మిగిలే ఉంది. గెలుపు మాట దేవుడెరుగు, ఓవర్లు గడవడమే గండం. కర్ణాటక ఆటగాడు కేఎల్ రాహుల్ 230 బంతుల్లో 90, కెప్టెన్ శుభ్‌మన్ గిల్ 238 బంతుల్లో 103 చేశారు. తర్వాత తమిళనాడుకు చెందిన వాషింగ్టన్ సుందర్ 206 బంతుల్లో 101, జడేజా 185 బంతుల్లో 107 చేసి అజేయంగా నిలిచారు. భారత్ 143 ఓవర్లాడి 4 వికెట్లకు 425 పరుగులతో మ్యాచ్‌ను డ్రా చేసింది.

ఆ డ్రా విలువ వారం తర్వాత ఓవల్‌లో తెలిసింది. మన హైదరాబాదు మహమ్మద్ సిరాజ్ చివరి ఇన్నింగ్స్‌లో ఐదు వికెట్లు తీయగా భారత్ 6 పరుగులతో గెలిచింది. సిరీస్ 2-2. మాంచెస్టర్‌లో ఓడి ఉంటే సిరీస్ అక్కడే పోయేది. సిరాజ్ బంతి మ్యాచ్‌ను గెలిపించింది నిజమే, ఆ గెలుపుతో సిరీస్ సమమయ్యే వీలు కల్పించింది మాత్రం మాంచెస్టర్‌లో ఆ నాలుగు బ్యాట్లు.

2021 జనవరిలో సిడ్నీలోనూ ఇదే జరిగింది. లక్ష్యం 407. చివరి రోజు పంత్ 118 బంతుల్లో 97 కొట్టి ఆస్ట్రేలియాను భయపెట్టాడు, పుజారా 205 బంతుల్లో 77 చేశాడు. ఇద్దరూ వెళ్లాక పని మారింది. యానాంకు పొరుగున ఉన్న కాకినాడలో పుట్టిన హనుమ విహారి తొడ కండరం పట్టేసి పరుగెత్తలేని స్థితిలో 161 బంతులాడి 23 పరుగులతో నిలిచాడు. చెన్నై అశ్విన్ 128 బంతుల్లో 39. ఇద్దరూ మైదానంలో తమిళంలో మాట్లాడుకుంటూ 42 ఓవర్లకు పైగా గడిపేశారు. మ్యాచ్ డ్రా అయింది. తర్వాత బ్రిస్బేన్‌లో భారత్ 328 ఛేదించి సిరీస్ గెలిచింది. అక్కడా పుజారా 211 బంతుల్లో 56 చేస్తూ ఒంటి నిండా దెబ్బలు తిన్నాడు, గిల్, పంత్ ధాటిగా ఆడారు. ఒకరి ఓపిక ఇంకొకరి దూకుడుకు దారి వేసింది.

నెమ్మదిలోనూ ప్రమాదం ఉంది

అలాగని నెమ్మది ఎప్పుడూ మేలే అనలేం. 2021 జూన్‌లో సౌతాంప్టన్‌లో జరిగిన ప్రపంచ టెస్టు ఛాంపియన్‌షిప్ ఫైనల్ చూడండి. మొదటి ఇన్నింగ్స్‌లో పుజారా తొలి పరుగు 36వ బంతికి వచ్చింది, అతను చేసినవి 54 బంతుల్లో 8. రెండో ఇన్నింగ్స్‌లో 80 బంతుల్లో 15. చివరి రోజు భారత్ 32 పరుగుల ఆధిక్యంతో, ఎనిమిది వికెట్లు చేతిలో పెట్టుకుని ఆట మొదలుపెట్టింది. ఇంకో సెషన్ నిలబడి ఉంటే డ్రా దక్కేది, ఇంకో 60 పరుగులు చేసి ఉంటే న్యూజిలాండ్‌కు లక్ష్యం బరువయ్యేది. రెండూ కాలేదు. 170కే ఆలౌటై 8 వికెట్లతో ఓడింది. సమయమూ కూడలేదు, పరుగులూ రాలేదు. జిడ్డు అనాల్సింది ఇలాంటి ఆటనే. ఆ తప్పు పుజారా ఒక్కడిదీ కాదు, ఎటు నడవాలో తేల్చుకోని మొత్తం జట్టుది.

లార్డ్స్ టెస్టు ఇంకా చిక్కు లెక్క. 2025 జులైలో 193 లక్ష్యంతో దిగిన భారత్ చివరి రోజు భోజన విరామానికి 8 వికెట్లకు 112 పరుగుల మీద ఉంది. చేతిలో బోలెడు ఓవర్లున్నాయి, కొరత పరుగులకూ వికెట్లకూ. జడేజా 181 బంతుల్లో 61 పరుగులతో అజేయంగా నిలిచి జట్టును 170 దాకా లాక్కొచ్చాడు. 22 పరుగులు చాలలేదు. కాస్త ముందే కొట్టాల్సిందని అన్నవారున్నారు. చివరి రెండు వికెట్లతో 58 పరుగులు చేర్చినవాణ్ని తప్పుపట్టడం న్యాయం కాదు. అయితే ఒక లెక్క వేయాలి. ఆ క్రమంలో బుమ్రా 54, సిరాజ్ 30, కలిపి 84 బంతులు ఆడాల్సి వచ్చింది. బ్యాటింగ్ అంతగా రానివారికి ప్రతి బంతీ గండమే. ఆ 84వ బంతే సిరాజ్ ఆపాక కూడా వెనక్కి దొర్లి వికెట్లను తాకింది. కొట్టడంలోనే ప్రమాదం ఉందని, ఆపడంలో లేదని అనుకోవడం పొరపాటు. పరుగులు రాకుండా బంతులు పెరిగేకొద్దీ ఆపడంలోనూ ప్రమాదం పేరుకుంటుంది.

పాయింట్ల పట్టికా ఇదే హెచ్చరిక చేస్తోంది. ఛాంపియన్‌షిప్‌లో గెలిస్తే 12 పాయింట్లు, డ్రా అయితే 4. రెండు డ్రాలకు 8, ఒక గెలుపు ఒక ఓటమికి 12. డ్రా మీద డ్రా చేసుకుంటూ పోయే జట్టు ఓడకపోయినా ఫైనల్ చేరదు. గెలిచే అవకాశం ఉన్న పూట ఓవర్లు వృథా చేస్తే ఆ నష్టం పట్టికలో కనిపిస్తుంది.

దూకుడే మందా?

నెమ్మదికి విరుగుడు దూకుడేనని ఇంగ్లండ్ 2022 నుంచి చెబుతోంది. ఆ దారిలో గొప్ప గెలుపులూ సాధించింది. 2025 నవంబరులో పెర్త్‌లో మాత్రం రెండు ఇన్నింగ్స్‌లూ కలిపి 70 ఓవర్లు కూడా ఆడకుండా 172, 164 పరుగులకు కూలింది. అదే పిచ్ మీద ఆస్ట్రేలియా ఓపెనర్ ట్రావిస్ హెడ్ 83 బంతుల్లో 123 కొట్టడంతో మ్యాచ్ రెండో రోజే ముగిసింది. దూకుడు ఒక జట్టును ముంచింది, ఇంకో జట్టును గెలిపించింది. వేగానికీ, నెమ్మదికీ సొంతంగా గుణం లేదనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

ఇప్పుడు దక్షిణాఫ్రికా సిరీస్‌కు వద్దాం. కోల్‌కతాలో మన లక్ష్యం 124. మ్యాచ్ మూడో రోజే ముగిసింది కాబట్టి సమయానికి కొరతే లేదు. అయినా భారత్ 93కే కుప్పకూలింది. ఆ మ్యాచ్ మొత్తంలో అర్ధశతకం ఒక్కటే, అది దక్షిణాఫ్రికా కెప్టెన్ బవుమాది: 136 బంతుల్లో 55 నాటౌట్. అతను గోడలా బంతిని ఆపుతూనే కూర్చోలేదు. ఆడదగ్గ బంతిని ఆడాడు, కాని బంతిని వదిలాడు, దొరికిన సింగిల్ తీశాడు. గువాహటిలో అదే జట్టు మొదటి ఇన్నింగ్స్‌లో 151 ఓవర్లాడి 489 చేసింది. మన వైపు బౌలర్ కుల్‌దీప్ యాదవ్ 134 బంతులు నిలిచి 19 చేశాడు. పిచ్ మీద నిలబడటం అసాధ్యమేమీ కాదని అతనే చూపించాడు.

సుదర్శన్ విషయంలో మా అభిప్రాయం సూటిగా చెబుతాం. లక్ష్యం 549. ఆ పరుగులు ఎలాగూ రావు. ఆ పూట కావాల్సింది సమయమే, అతను కూడబెట్టిందీ అదే. కాబట్టి 139 బంతుల్లో 14 తప్పు కాదు. లోటు ఎదుటి కొసలో ఉంది. మాంచెస్టర్‌లో రెండు జంటలు, సిడ్నీలో ఒక జంట మ్యాచ్‌ను కాపాడాయి. గువాహటిలో సుదర్శన్‌కు తోడుగా ఎవరూ ఎక్కువసేపు నిలవలేదు. ఒక్కడి నిలకడతో టెస్టు దక్కదు, ఇద్దరి నిలకడ కావాలి.

మన జట్టు ఇబ్బంది నెమ్మదిగా ఆడటం కాదు, నెమ్మదిగా ఆడగలవారు తగ్గిపోవడం. పుజారా 2025 ఆగస్టులో ఆట నుంచి తప్పుకున్నాడు. ఆ చోటును ఎవరు నింపుతారన్నది అసలు ప్రశ్న. మా బడుల్లో పిల్లలు ఆడేవి పది ఓవర్ల ఆటలు. అక్కడ బంతిని వదిలినవాణ్ని జట్టే తిడుతుంది. వదలడం నేర్వని పిల్లవాడు పెద్దయ్యాక రోజంతా ఎలా నిలబడతాడు?

ఉపాధ్యాయులకు ఒక సూచన. వారంలో ఒక ఆటల పీరియడ్‌లో ఇద్దరు పిల్లలను జంటగా దింపి 30 బంతులు అవుట్ కాకుండా ఆడమనండి. తీసిన సింగిల్స్ లెక్కపెట్టండి. గణితం పీరియడ్‌లో ఒక టెస్టు స్కోరుకార్డు బోర్డు మీద రాసి, స్ట్రైక్ రేట్ కట్టే ముందు ఒక ప్రశ్న అడగండి: ఆ పూట జట్టుకు కొరత దేనికి? దానికి జవాబు చెప్పగలిగిన పిల్లలకు 139 బంతుల్లో 14 అన్న అంకె ఏం చెబుతోందో మనం విప్పి చెప్పనక్కర్లేదు.